ఆటోమేటిక్ కొన్నాక నేర్చుకుందువులే!

"ఇంకో పదేళ్ళు పోతే గేరు బండ్లే ఉండవు. ఇప్పుడు కష్టపడి క్లచ్ తొక్కడం నేర్చుకుని ఏం లాభం?" ఈ మాట ఈ మధ్య మన క్లాసులోనే మూడు నాలుగు సార్లు విన్నాను. అన్నవాళ్ళు తెలివితక్కువగా అనలేదు. వాళ్ళ మాటలో నిజం ఉంది. హొసూరు బస్టాండు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, చప్పుడు లేని బ్యాటరీ స్కూటర్లు ఎన్ని పోతున్నాయో తెలుస్తుంది. ఆ స్కూటర్లు తయారయ్యేది కూడా మన చుట్టుపక్కలే. కార్ల షోరూముకు వెళ్తే అమ్మేవాళ్ళు ముందు ఆటోమేటిక్ గురించే చెబుతారు.

అయినా నా అభిప్రాయం వేరు. మన వయసు అమ్మాయిలు గేరు కారు నడపడం నేర్చుకోవాలి. ఇప్పుడే నేర్చుకోవాలి. గేరు గొప్పది, ఆటోమేటిక్ తక్కువది అని నేను అనడం లేదు. గేరు వేసేవాడే అసలు డ్రైవరు అని మీసం మెలేసే మాటలు నాకూ నచ్చవు. నా కారణాలు వేరే. అవి చెప్పేముందు అసలు గేరు ఎందుకుందో కొంచెం చూద్దాం. తెలుగు డిపార్టుమెంటు గోడపత్రికలో ఇంజను పాఠమా అని మేడమ్‌లు నవ్వుకోవచ్చు. కానీ మనకు భయం పుట్టేది తెలియనిదాని దగ్గరే కదా.

పెట్రోలు ఇంజనుకు ఒక బలహీనత ఉంది. నిలబడినచోట నుంచి అది బలం చూపించలేదు. నిమిషానికి ఏడెనిమిది వందల సార్లన్నా తిరుగుతూ ఉంటేనే దానికి ప్రాణం. అంతకన్నా బాగా తగ్గితే ఠక్కున ఆగిపోతుంది. చక్రమేమో సున్నా నుంచి కదలాలి. తిరిగే ఇంజనుకూ కదలని చక్రానికీ పొత్తు కుదర్చడమే క్లచ్ పని. లోపల రెండు పళ్ళేలు ఉంటాయి. ఒకటి ఇంజనుతో తిరుగుతుంది, రెండోది గేరు పెట్టె వైపు ఉంటుంది. పెడలు తొక్కితే రెండూ విడిపోతాయి. వదిలితే కలుస్తాయి. ఒక్కసారిగా వదిలితే బండి ఎగిరిపడి ఆఫ్ అవుతుంది. మెల్లగా వదిలితే ఒకదాన్నొకటి రాసుకుంటూ, జారుతూ, పట్టుకుంటాయి. అదే మన డ్రైవర్లు చెప్పే హాఫ్ క్లచ్. మొదటి రోజు మనల్ని ఏడిపించేది ఆ ఒక్క క్షణమే.

ఇక గేరు. చిన్న కార్లలో మొదటి గేరులో చక్రం ఒకసారి తిరగడానికి ఇంజను సుమారు పదిహేను సార్లు తిరుగుతుంది. ఐదో గేరులో మూడు సార్లకు కొంచెం ఎక్కువ, అంతే. అంటే మొదటి గేరులో బలం ఎక్కువ, వేగం తక్కువ. ఐదో గేరులో వేగం ఎక్కువ, బలం తక్కువ. గేరు సైకిలు తొక్కినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్ళు గబగబా తిరుగుతాయి కానీ బరువు తెలియదు. అదే సంగతి ఇది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

కరెంటు మోటారుకు ఈ బలహీనత లేదు. స్విచ్ వేయగానే సున్నా నుంచే పూర్తి బలం ఇస్తుంది. అందుకే బ్యాటరీ కార్లలో మామూలుగా గేర్లు మార్చే పనే ఉండదు. కాబట్టి గేరును మన సంస్కృతి లాగా కాపాడుకోవాలని నేను చెప్పను. పెట్రోలు, డీజిలు ఇంజన్ల అవసరం కోసం పుట్టింది, వాటితోనే పోతుంది. పోతే పోనీ, నాకు దిగులు లేదు.

ప్రశ్న ఏమంటే, ఎప్పుడు పోతుంది? మన దేశంలో సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. ఆ తర్వాత బండి బాగుంటే ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవచ్చు. ఈ నెలలో మన వీధిలో ఎవరో ఒకరు గేరు కారు కొన్నారనుకోండి. అది 15 ఏళ్ళు తిరుగుతుంది. అప్పటికి నాకు 34 ఏళ్ళు. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం, ముసలితనం పైబడిన అమ్మానాన్నలు, అన్నీ ఆ 15 ఏళ్ళలోనే వస్తాయి. షోరూములో ఏం అమ్ముతున్నారో చూసి "గేరు పోయింది" అంటున్నాం. మన వాకిట్లో ఏం నిలబడి ఉందో చూడడం లేదు.

చూద్దాం రండి. మన ఇళ్ళ దగ్గర ఉండే బండ్లు ఏవి? పదేళ్ళ కిందట కొన్న పాత కారు. పూలు, టమోటా, క్యాబేజీ మార్కెట్టుకు తోలే చిన్న టెంపో. ట్రాక్టరు. బంధువుల ఇంటి జీపు. స్కూలు వ్యాను. వీటిలో ఎన్నింటికి గేరు లేదు? మన దేశంలో తక్కువ ధరలో ఆటోమేటిక్ అంటే 2014లో మారుతీ సెలెరియోతో మొదలైంది. అది కూడా కొత్త గేరు పెట్టె ఏమీ కాదు. మామూలు గేరు పెట్టెకే, మనిషి బదులు క్లచ్ తొక్కి గేరు మార్చే యంత్రం ఒకటి తగిలించారు. చిన్న కార్లలో దానికి సుమారు 50 వేలు ఎక్కువ. అంతకన్నా మెత్తగా పోయే రకాలకు లక్ష దాకా, ఇంకా పైన కూడా అవుతుంది. కారు కొనడమే అప్పుతో కొనే ఇళ్ళు మనవి. ఆ 50 వేలు ఎవరికోసం ఖర్చు పెడతారు? "ఇంట్లో నడిపేది వాడొక్కడే కదా, వాడికి గేరు వచ్చు" అంటారు. ఆ మాటతో గేరు కారే వస్తుంది. ఆ కారు మనకు రాదు.

నా అసలు బాధ ఇక్కడే. "గేరు నీకెందుకు, ఆటోమేటిక్ కొన్నాక నేర్చుకుందువులే" అనే మాట వినడానికి ముద్దుగా ఉంటుంది. మా ఇంట్లో దాన్ని నాయన తెలుగులో అంటారు, అమ్మ కన్నడంలో అంటుంది. అర్థం మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే: ఇప్పుడు కాదు. మా అన్నకు 18 నిండిన వారానికే నాయన పక్కన కూర్చుని లేఔటు మైదానంలో కారు నేర్పించారు. వాడిని ఎవరూ ఆటోమేటిక్ వచ్చేదాకా ఆగమనలేదు. నాకు 19 నిండాయి. ఆటోమేటిక్ ఇంకా రాలేదు. అది ఎప్పుడొస్తుందో కూడా ఎవరూ చెప్పరు. ఇందులో మా నాయన చెడ్డతనం ఏమీ లేదు, ప్రేమే ఉంది. క్లచ్‌తో కూతురు అవస్థ పడకూడదనే ఆయన ఆలోచన. కానీ ఆ ప్రేమవల్ల చేతికొచ్చిన ఫలితం ఏమిటంటే వాకిట్లో కారు ఉంది, నాకు కారు రాదు.

మీలో ఎంతమంది ఇంట్లో ఇదే కథో నాకు తెలుసు. మన క్లాసులో స్కూటీ నడిపేవాళ్ళు చాలామంది. గేరు కారు నడిపేవాళ్ళు ఎంతమందో వేళ్ళమీద లెక్కపెట్టండి.

ఇది ఈరోజు పుట్టింది కాదు. 1984లో కైనెటిక్ హోండా వచ్చినప్పటి నుంచి గేరు లేని స్కూటరు మన రోడ్లమీద ఉంది. 1990ల్లో మన హొసూరులో ఫ్యాక్టరీ ఉన్న టీవీఎస్ కంపెనీ స్కూటీ తెచ్చింది. ఆడపిల్లల బండి అంటే స్కూటీ అనే పేరు పడింది. దానివల్ల జరిగిన మేలు చిన్నది కాదు. మన అమ్మలు, అత్తలు ఒకరి వెనక కూర్చోకుండా సొంతంగా బ్యాంకుకు, బడికి, ఆసుపత్రికి వెళ్ళింది ఆ బండిమీదే. ఆ మేలు నేను కాదనను. కానీ దాంతోపాటే ఇంకో మాట మన బుర్రల్లో నాటుకుంది: గేరు మగవాళ్ళది, గేరు లేనిది ఆడవాళ్ళది. తలుపు తెరిచినట్టే తెరిచి, గడప దగ్గర ఒక గీత గీశారు.

ఆ గీత మన లైసెన్సు కార్డులో కూడా ఉంది. మీ కార్డు తిప్పి చూడండి. మోటారు వాహనాల చట్టంలో గేరు ఉన్న మోటారు సైకిలు ఒక రకం, గేరు లేనిది ఇంకో రకం. స్కూటీ మీద ఎనిమిది వేసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళకు గేరు లేనిది అనే ఉంటుంది. దానితో అన్నయ్య బైకు నడపడం చట్టప్రకారం తప్పు. కారు విషయంలో మాత్రం మన చట్టం ఇలా విడదీయలేదు. కారు లైసెన్సు ఒకటే, ఎల్.ఎం.వి. ఆటోమేటిక్ కారులో పరీక్ష ఇచ్చినా గేరు కారు నడపడానికి అనుమతి వస్తుంది. ఇంగ్లండులో అలా కాదు, ఆటోమేటిక్‌లో పరీక్ష ఇస్తే ఆటోమేటిక్ మాత్రమే నడపాలి. మన చట్టం అనుమతి ఇస్తుంది కానీ నడపడం నేర్పదు కదా. అందుకే కార్డు ఉండీ కారు రానివాళ్ళు మన మధ్య ఇంతమంది.

డ్రైవింగ్ స్కూళ్ళ సంగతి కూడా చెప్పాలి. అక్కడి కార్లు గేరువే. ఇంకేం, అక్కడ నేర్చుకోవచ్చు కదా అంటారు. మాష్టారు వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. అవి మన ప్రాణం కాపాడటానికి పెట్టినవి, మంచిదే. కానీ మా పెదనాన్న కూతురు చేరిన స్కూల్లో జరిగింది వినండి. ఆమె పదిహేను రోజులు వెళ్ళింది. పదిహేను రోజులూ ఆమె స్టీరింగు తిప్పింది, మాష్టారు తన కాళ్ళతో క్లచ్ తొక్కారు. "నీవు రోడ్డు చూడమ్మా చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అనేవారంట. పక్క సీటులో ఒక అబ్బాయి నేర్చుకుంటుంటే మాత్రం అదే మాష్టారు "క్లచ్ వదలరా, నీవే వదలాల" అని అరిచేవారంట. అక్కకు లైసెన్సు వచ్చింది. ఇంటికొచ్చి సొంతకారులో కూర్చుంటే బండి గేటు దాటలేదు. మూడుసార్లు ఆఫ్ అయింది. "నాకు చేతకాదు" అని తాళం ఇచ్చేసింది. చేతకాకపోవడం కాదు, ఎవరూ నేర్పలేదు. డబ్బు కట్టిన పాఠంలో సగమే చెప్పారు.

చేతకాకపోతే ఏమవుతుంది, ఎవరో ఒకరు నడుపుతారు కదా అనుకోవచ్చు. పోయిన ఏడాది చంద్రచూడేశ్వర స్వామి తేరు రోజున డెంకణికోట దారిలో ఉన్న మా అవ్వ ఊళ్ళో ఉన్నాము. ఇంట్లో మగవాళ్ళందరూ తేరు చూసేదానికి హొసూరు వెళ్ళారు. పురుటికి వచ్చిన మా పిన్నికి చెప్పిన తేదీకన్నా ముందే నొప్పులు మొదలైనాయి. అంబులెన్సుకు ఫోను చేశాము. మట్టిరోడ్డు దాటి రావాలి, టైము పడుతుందన్నారు. వేపచెట్టు కింద మామయ్య కారు ఉంది. గోడకు తాళం వేలాడుతోంది. ఇంట్లో నలుగురం ఆడవాళ్ళం. అందులో ఇద్దరికి డిగ్రీలు, ముగ్గురికి స్కూటీ లైసెన్సులు. ఒక్కరికీ ఆ కారు కదిలించడం రాదు. చివరకు పక్కింటి పిల్లోడు వచ్చి నడిపాడు. వాడికి 17 ఏళ్ళు. లైసెన్సు వయసు లేనివాడికి కారు వచ్చు, వయసున్న మాకు రాదు! పిన్ని, బిడ్డ బాగున్నారు. ఆ రాత్రి మా అవ్వ అడిగిన మాట మాత్రం నేను మరిచిపోలేదు. "అంత సదువుకున్నారే, ఈ ఇనపడబ్బా కదిలించేదానికి ఒక మగపిల్లోడే కావల్నా?"

ఆ కారు ఆటోమేటిక్ అయుంటే? నిజమే, అప్పుడు ఎవరో ఒకరం ధైర్యం చేసేవాళ్ళమేమో. కానీ అది ఆటోమేటిక్ కాదు. అవసరం వచ్చినప్పుడు మనకు నచ్చిన బండి కోసం చూస్తూ కూర్చోలేం. దగ్గరున్నదే ఎక్కాలి. గేరు కారు వచ్చినవాళ్ళు ఆటోమేటిక్‌ను పది నిమిషాల్లో పట్టుకుంటారు. ఎడమ కాలును ఊరికే పెట్టుకోవడం అలవాటైతే చాలు. ఆటోమేటిక్ మాత్రమే వచ్చినవాళ్ళకు గేరు కారు పది నిమిషాల్లో రాదు. రెండిట్లో ఏది ముందు నేర్చుకోవాలో చెప్పడానికి ఇంతకన్నా లెక్క అక్కర్లేదు.

ఇంకో సంగతి. గేరు తెలిస్తే ఆటోమేటిక్‌ను కూడా బాగా నడుపుతాం. మనవాళ్ళు సేలం వైపు వెళ్ళేటప్పుడు ధర్మపురి దాటాక తొప్పూరు కనుమ వస్తుంది. అక్కడ జరిగిన ప్రమాదాల గురించి పేపర్లో ఎన్నిసార్లు చదివామో. బరువుతో దిగే లారీలను డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేయడం ఒక కారణమని చెబుతారు. గేరులో ఉంటే ఇంజను చక్రాన్ని పట్టి లాగుతుంది, వేగం పెరగనివ్వదు. న్యూట్రల్‌లో ఆ పట్టు పోతుంది. భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకులు కాగిపోతాయి, కాగిన బ్రేకు పట్టదు. అందుకే పాత డ్రైవర్లు "ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో దిగు" అంటారు. తిరుమల నుంచి దిగేటప్పుడైనా, ఏర్కాడు నుంచి దిగేటప్పుడైనా ఇదే సూత్రం. ఆటోమేటిక్ కార్లలో కూడా దీనికోసం 'ఎల్' అనో 'ఎమ్' అనో ఒక స్థానం ఉంటుంది. ఎక్కువమంది 'డి'లో వేసి మిగతా అక్షరాల జోలికే పోరు, ఎందుకున్నాయో తెలియదు కాబట్టి. గేరు తెలిసిన మనిషికి ఆ అక్షరాల అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక ఉద్యోగాల మాట. మనం బి.ఏ. వాళ్ళం, డ్రైవరు పనికి పోతామా అని ముఖం చిట్లించకండి. మన రాష్ట్రంలో 2021 నుంచి ఆడవాళ్ళకు టౌను బస్సుల్లో టికెట్టు లేదు. మనలో సగంమంది కాలేజీకి వచ్చేది ఆ బస్సుల్లోనే. బస్సు నిండా మనమే. కానీ స్టీరింగు దగ్గర ఆడమనిషిని ఎన్నిసార్లు చూశారు? కన్యాకుమారి జిల్లాకు చెందిన వసంతకుమారి 1993లోనే తమిళనాడు ప్రభుత్వ బస్సు డ్రైవరు అయ్యారు. ఆ పని చేసిన మొదటి మహిళ ఆమే. మన పుట్టుకకు ఎంతో ముందే! అప్పటి నల్లగొండ జిల్లా తండా నుంచి వెళ్ళిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థ బస్సుకు మొదటి మహిళా డ్రైవరు అయ్యారు. వాళ్ళిద్దరూ ఆటోమేటిక్ వచ్చేదాకా ఆగి ఉంటే ఆ సీటులో కూర్చునేవాళ్ళేనా?

2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక తీర్పు ఇచ్చింది. ఎల్.ఎం.వి. లైసెన్సు ఉన్నవాళ్ళు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని వేరే అనుమతి లేకుండా నడపవచ్చని చెప్పింది. దానికి వయసు 20 నిండాలి. అంటే మన కార్డుతోనే సరుకుల టెంపో, టాక్సీ నడిపి బతకవచ్చు. సొంతంగా పూల వ్యాపారం, క్యాటరింగ్ పెట్టుకునే అమ్మాయికి డ్రైవరు జీతం మిగులుతుంది. ఆ బండ్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ గేరువే. మన ఊరి ఆటోల్లో చూడండి, పెట్రోలు, గ్యాసు ఆటోలకు గేరు, క్లచ్ ఎడమచేతి పట్టులోనే ఉంటాయి.

నాకు నవ్వు, కోపం రెండూ తెప్పించేది ఇంకోటి. మన జిల్లా పోచంపల్లి దగ్గర ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీని మొత్తం ఆడవాళ్ళతోనే నడుపుతామని 2021లో ప్రకటించారు. హొసూరు అశోక్ లేలాండ్‌లో 2022లో ఒక ఇంజన్ల లైనును పూర్తిగా ఆడవాళ్ళకే అప్పగించారు. మన సీనియర్ల అక్కచెల్లెళ్ళు ఎంతమందో ఇలాంటి ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేస్తున్నారు. బోల్టు బోల్టూ బిగించి ఇంజను నిలబెట్టేది ఆడపిల్లల చేతులు. అదే చేతులకు ఇంట్లో గేరు రాడ్డు ఇవ్వడానికి మాత్రం భయం!

ఎదురువాదనలు లేవని కాదు. అత్తిబెలె దాటి ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్ బోర్డు దాకా రోజూ ఆఫీసుకు పోయేవాళ్ళను అడిగితే నన్ను తిడతారు. ఆ ట్రాఫిక్కులో గంటసేపు మొదటి గేరు, రెండో గేరు, మళ్ళీ మొదటి గేరు. ఎడమ మోకాలు అరిగిపోతుంది. వాళ్ళకు ఆటోమేటిక్ విలాసం కాదు, వైద్యం. కాలులో బలం లేనివాళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఆటోమేటిక్ తెచ్చిన స్వేచ్ఛ ముందు నా వాదన నిలబడదు. అలాగే క్లచ్ భయంతో అసలు డ్రైవింగే మానేసే పరిస్థితి ఉంటే, ఇంట్లో ఆటోమేటిక్ కూడా ఉంటే, దానితోనే మొదలుపెట్టండి. అసలు నేర్చుకోకపోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు. రోడ్డు చూడడం, అద్దాలు చూడడం, ఎదుటిబండి ఏం చేస్తుందో ఊహించడం, వీటికి గేరుతో పనిలేదు. అవే అసలు డ్రైవింగ్.

కాబట్టి నా వాదన "ఆటోమేటిక్ వద్దు" అని కాదు. "ఆటోమేటిక్ వచ్చేదాకా ఆగవద్దు" అని. రెండింటికీ చాలా తేడా ఉంది. ఇంటికి ఆటోమేటిక్ వస్తే సంతోషంగా నడుపుదాం. కానీ రాని బండి పేరు చెప్పి, ఉన్న బండికి మనల్ని దూరం పెడితే మాత్రం ఒప్పుకోవద్దు.

మరి ఎలా మొదలుపెట్టాలి? 18 నిండినవాళ్ళు ఎల్.ఎల్.ఆర్.కు అప్లై చేయండి. అది ఆరు నెలలు పనిచేస్తుంది, 30 రోజులు దాటాక పరీక్షకు వెళ్ళవచ్చు. డ్రైవింగ్ స్కూల్లో చేరేరోజే మాష్టారితో ఒక మాట మర్యాదగా, గట్టిగా చెప్పండి: "సార్, క్లచ్ నేనే తొక్కుతాను. ఆఫ్ అయితే అవనీండి." ఇంట్లో నేర్పేవాళ్ళుంటే ఎల్.ఎల్.ఆర్. చేతికొచ్చాక, లైసెన్సు ఉన్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ముందు ఎవరూ తిరగని చదును నేలమీద పెట్టించుకోండి. మొదటి రోజు యాక్సిలేటరు ముట్టుకోవద్దు. మొదటి గేరు వేసి క్లచ్ మాత్రం వెంట్రుకవాసి చొప్పున వదలండి. ఒకచోట ఇంజను గొంతు మారుతుంది, బండి కొంచెం వణుకుతుంది, మెల్లగా పాకుతుంది. ఆ చోటును కాలు గుర్తుపెట్టుకునేదాకా ఇరవైసార్లు అదే చేయండి. రెండో రోజు యాక్సిలేటరు. తర్వాత ఎత్తు. హ్యాండ్ బ్రేకు వేసి ఉంచి, క్లచ్ పట్టు తెలిశాక అప్పుడు బ్రేకు దించితే బండి వెనక్కి జారదు. ఆ తర్వాత రివర్సు. బండి ఆఫ్ అవుతుంది. అవుతూనే ఉంటుంది. వెనకవాడు హారన్ కొడతాడు. కొట్టనీండి. వాడి బండి కూడా మొదటి రోజు ఆఫ్ అయే ఉంటుంది, అప్పుడు వాడిని చూసి "మగవాళ్ళకెందుకు డ్రైవింగు" అని ఎవరూ అనలేదు, అంతే తేడా.

నేర్పే నాన్నలకు, అన్నలకు కూడా ఒక మాట, ఈ గోడ చదివేవాళ్ళ ద్వారా చేరుతుందని ఆశ. అరవకండి. మీరు అరిస్తే మా కాలు క్లచ్ మీద బిగుసుకుపోతుంది, బండి ఎగిరిపడుతుంది, దానికీ మీరే అరుస్తారు.

డిపార్టుమెంటు మేడమ్‌లకు ఒక విన్నపం. మన కాలేజీలో కుట్టు, బ్యూటీషియన్, కంప్యూటరు శిక్షణలు పెడుతున్నారు. అవి ఉండాలి. వాటితోపాటు ఏడాదికి ఒకసారి ఎల్.ఎల్.ఆర్. శిబిరం ఒకటి పెట్టించగలిగితే, వచ్చే ఏడాది ఫస్టియర్ చెల్లెళ్ళు కూడా 18 నిండగానే దానిలో చేరతారు. ఇంట్లో అడగడానికి ధైర్యం లేనివాళ్ళకు "కాలేజీలో పెట్టారు" అనే మాట ఒకటి దొరుకుతుంది. ఆ మాటకు మన ఇళ్ళలో ఎంత విలువుందో మీకు తెలియంది కాదు.

నేను ఎల్.ఎల్.ఆర్. తీసుకున్నాను. పోయిన ఆదివారం మా నాయన దగ్గర తాళం అడిగాను. "ఆటోమేటిక్..." అని మొదలుపెట్టారు. "అది వచ్చినప్పుడు అదీ నేర్చుకుంటాను నాయనా" అన్నాను. ఇంకా ఇవ్వలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ అడుగుతాను. మీరు కూడా మీ ఇంట్లో అడగండి.